అమ్మతో మాట్లాడిస్తామంటున్నారు, వెళ్ళనా?

ప్రశ్న: గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణం నుంచి నలభై ఎనిమిదేళ్ళ గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. పదకొండు పేజీల ఉత్తరం కాబట్టి కుదించి ఇస్తున్నాను.

ఈవిడ ఇంట్లోనే జాకెట్లు కుడతారు. భర్త ప్రభుత్వోద్యోగి. ఒక్కడే కొడుకు, పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటేడు ఈవిడ తల్లి పోయారు. చివరి రెండేళ్ళూ మంచం మీదున్న తల్లికి అన్నీ చేసింది ఈవిడే. పన్నెండో రోజు అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు, ఈవిడకి నిద్ర పట్టడం మానేసింది. మిషను ముందు కూర్చుంటే చేతులు ఆడేవి కావు. కాలనీ కమ్యూనిటీ హాల్లో తెల్లవారుజామున ఉచితంగా ధ్యానం నేర్పిస్తున్నారని పక్కింటావిడ వెంటబెట్టుకెళ్ళారు. నెల తిరిగేసరికి నిద్ర పట్టింది, విసుగు తగ్గింది, కుట్టుపని మళ్ళీ మొదలైంది.

ఆ తర్వాత అనుభవాలు మొదలయ్యాయి. కళ్ళు మూసుకుంటే నీలం వెలుగు. ఒళ్ళు గాల్లో తేలుతున్నట్టు. వేగంగా శ్వాస తీసే సాధన చేసిన రోజు వేళ్ళ చివర తిమ్మిరి, ఒకసారి వేళ్ళు కొంకర్లు కూడా పోయాయి. ఒకరోజు ఉన్నట్టుండి తల్లి రాసుకునే అమృతాంజనం వాసన గుప్పుమంది. ఏడుపు ఆగలేదు. క్లాసు చెప్పే మేడమ్ విని, "మీకు మూడో కన్ను తెరుచుకుంటోంది, ఇది అందరికీ రాదు" అన్నారు. రెండో స్థాయి శిబిరానికి రమ్మన్నారు. ఊరి బయట తోటలో మూడు రోజులు, 18,000 రూపాయలు. ఆస్ట్రల్ ప్రయాణం (ఒంట్లోంచి బయటికొచ్చి తిరగడం), గతజన్మ దర్శనం, చివరి రోజు తల్లి ఆత్మతో మాటలు. షరతులు కూడా ఉన్నాయి. ఇంట్లో చెప్పకూడదు. 41 రోజులు భర్తకి దూరంగా ఉండాలి, ఎందుకో ఆయనకి చెప్పకూడదు. రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర శక్తికి అడ్డు కాబట్టి "వదిలించుకోవాలి". మధ్యలో ఆపితే లేచిన శక్తి తిరగబడి ఇంటికే కీడు.

మాత్ర మానేసి నెల దాటింది. ఒళ్ళు బరువుగా, మబ్బుగా ఉంటోందంటే "లోపల శుద్ధి జరుగుతోంది" అన్నారట. భర్తకి ఏదో జరుగుతోందని అర్థమైంది కానీ ఏమిటో తెలీదు. "నీకు పిచ్చి ముదిరింది" అంటున్నారు. ఫ్రిజ్ మీద ఉండాల్సిన స్కూటీ తాళం ఇప్పుడు ఆయన చొక్కా జేబులో ఉంటోంది. శిబిరం డబ్బుకి ఈవిడ చీటీ పాడారు, ఇంకా కట్టలేదు. "నాకు కనిపించేది నిజమా, భ్రమా? శిబిరానికి వెళ్ళనా, మొత్తం మానెయ్యనా? ఆపితే నిజంగానే ఏమైనా అవుతుందా?" అని అడుగుతున్నారు.

సమాధానం: అమ్మా, ముందు మాత్ర సంగతి. మిగతావన్నీ నిదానంగా ఆలోచించుకోవచ్చు, ఇది ఆగదు. ఈ వారంలోనే మీ డాక్టరు దగ్గరికి వెళ్ళి, మానేసిన మాట దాచకుండా చెప్పి, టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ మాత్ర మానిన మర్నాడే తేడా తెలీదు. ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే మానేసిన కొత్తల్లో బాగానే ఉన్నట్టుంటుంది. తర్వాత నెమ్మదిగా మబ్బు, బద్ధకం, చలి, మలబద్ధకం, కారణం లేని దిగులు మొదలవుతాయి. మీరు "ఒళ్ళు బరువు" అని రాసింది చదవగానే నాకు తట్టింది అదే. దానికి శుద్ధి అని పేరు పెట్టిన మనిషికి మీ థైరాయిడ్ గ్రంథి గురించి ఏమీ తెలీదు. మీరు ఏ దారి ఎంచుకున్నా మాత్ర మానమన్న సలహా మాత్రం పక్కన పెట్టెయ్యండి. మీ ఉత్తరం మొత్తంలో నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్కటే.

ఇక ధ్యానం. మీకు నిద్ర పట్టింది, కోపం తగ్గింది, చేతులు మళ్ళీ పనిలో పడ్డాయి. ఇది మీరు ఊహించుకున్నది కాదు. రెండేళ్ళు రాత్రింబవళ్ళు ఒకరి మూలుగు కోసం చెవి ఒగ్గి పడుకున్న మనిషికి, ఆ మనిషి పోయాక కూడా చెవి ఊరుకోదు. రోజూ ఒకే వేళకి లేచి, నలుగురితో కలిసి, ఎవరికీ ఏదీ అందించే పని లేకుండా అరగంట కూర్చోవడం మీకు ఎప్పట్నించో అవసరం. అది దొరికింది. అది మీరు కూర్చున్నందువల్ల దొరికింది. ఆ హాలుకో, మేడమ్‌కో మీరు బాకీ పడలేదు. ఉచితంగా నేర్పినందుకు కృతజ్ఞత ఉండొచ్చు, ఉండాలి కూడా. కృతజ్ఞత ఉంది కదా అని ఆ తర్వాత చెప్పిన ప్రతిదానికీ తలూపాలని లేదు.

కనిపించేవి నిజమా భ్రమా అంటే, మీకు కనిపించిన మాట నిజం. కనిపించినదానికి ఆవిడ చెప్పిన అర్థం వేరే సంగతి. కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంటే, మెలకువకీ నిద్రకీ మధ్య సంధిలో రంగులూ వెలుగులూ కనిపించడం, ఒళ్ళు తేలినట్టూ జారినట్టూ అనిపించడం చాలామందికి మామూలే. నిద్రలోకి జారుతూ ఉలిక్కిపడి లేస్తామే, అదీ ఈ కోవలోదే. తెల్లవారుజామున చీకటిగదిలో అది ఇంకా సులువు. వేళ్ళ తిమ్మిరికి కారణం ఇంకా మామూలుది. గబగబా శ్వాస తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దాంతో మూతి చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిర్లు వస్తాయి. ఇంకా గట్టిగా చేస్తే వేళ్ళు కొంకర్లు పోతాయి, తల తిరుగుతుంది. ఆ తిమ్మిరి ఒళ్ళు చేస్తున్న హెచ్చరిక. అలాంటప్పుడు సాధన ఆపించాలి, అభినందించకూడదు. సాధనలో వచ్చే శక్తులు సమాధికి ఆటంకాలని పతంజలే యోగసూత్రాల్లో చెప్పాడు. మన దగ్గర క్లాసుల్లో ఆ సూత్రం కన్నా ఆ శక్తుల జాబితాకే గిరాకీ ఎక్కువ.

అమృతాంజనం వాసన దగ్గర నేను ఆగిపోయాను. పోయినవాళ్ళ గొంతు వినిపించడం, వాళ్ళ వాసన తగలడం, పక్కనే ఉన్నట్టు అనిపించడం, ఇవి అయినవాళ్ళని పోగొట్టుకున్న చాలామందికి జరుగుతాయి. ధ్యానం చేసేవాళ్ళకీ చెయ్యనివాళ్ళకీ, నమ్మేవాళ్ళకీ నమ్మనివాళ్ళకీ జరుగుతాయి. పిచ్చి అనుకుంటారేమోనని చాలామంది బయటికి చెప్పరు, అంతే. రెండేళ్ళు రోజూ మీ చేత్తో అమ్మ నుదుటికి రాసిన మందు అది. ఆ వాసన మీ వేళ్ళకే గుర్తుంటుంది. వచ్చింది అమ్మా, జ్ఞాపకమా అని తేల్చమంటే నేను తేల్చను, తేల్చాల్సిన పని మీకూ లేదు. వచ్చింది, ఏడిపించింది, వెళ్ళింది. పన్నెండు రోజుల హడావుడిలో మీరు సరిగ్గా ఏడవలేదని మీరే రాశారు కదా. బహుశా ఆ రోజు ఏడ్చారు.

కానీ ఆ వాసనని పట్టుకుని, 18,000 కడితే మూడో రోజున అమ్మతో మాట్లాడిస్తాం అన్నారే, అక్కడ నాకు కోపం వచ్చింది. మీ దుఃఖం ఎక్కడుందో మీరే నమ్మి చెప్పారు. చెప్పిన చోటే ధర కట్టారు. ఆవిడ మోసగత్తె అనడం లేదు. ఆవిడకి కూడా ఎవరో ఇలాగే చెప్పి ఉండొచ్చు, నమ్మే చెబుతుండొచ్చు. మీ జేబుకీ మనసుకీ మటుకు ఫలితం ఒకటే. శిబిరంలో ఏం జరిగే అవకాశం ఉందో కూడా ఆలోచించండి. మూడు రోజులు నిద్ర తక్కువ, తిండి తక్కువ, గంటల తరబడి శ్వాస సాధన. మూడో రాత్రి చీకట్లో ఎవరో మెత్తటి గొంతుతో "మీ అమ్మ వచ్చింది, ఏమంటోందో చెప్పండి" అంటే ఏదో ఒకటి వినిపిస్తుంది. ఆ వినిపించినదాంట్లో "నన్ను ఆ రాత్రి ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదు" అని ఉంటే? మీ ఉత్తరం ఏడో పేజీలో ఆ బాధ ఉంది. దాన్ని పట్టుకునే మనిషి పక్కన లేకుండా తవ్వితే మీరు ఇంటికి వచ్చాక ఏమవుతారో ఆ తోటలో ఎవరూ చూడరు.

ధ్యానం అందరికీ, ఎంత చేసినా మంచే చేస్తుందన్న మాట కూడా అంత నమ్మదగింది కాదు. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బౌద్ధ ధ్యానం చేసేవాళ్ళతోనూ నేర్పేవాళ్ళతోనూ మాట్లాడి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. భయం, నిద్రలేమి, తానెవరో తనకే తెలియనట్టు అనిపించడం వంటివి అందులో చాలామంది చెప్పారు. రోజుకి అరగంట కూర్చునేవాళ్ళు బెంగపడక్కర్లేదు. దుఃఖంలో ఉండి, మందు మానేసి, నిద్ర తగ్గించుకుని మూడు రోజుల శిబిరానికి వెళ్ళే మనిషి మాత్రం కొంచెం ఆలోచించాలి.

"ఇది వేదకాలం నుంచి గురువులు దాచిన రహస్యం" అని చెప్పారట. ఆస్ట్రల్ బాడీ అనే సూక్ష్మశరీరం, జరిగినవన్నీ ఎక్కడో రాసి ఉంటాయనే ఆకాశిక్ రికార్డులు, కనిపించని మాస్టర్ల పరంపర, ఈ మాటల మూట మనకి ఎక్కువగా దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) ద్వారా వచ్చింది. 1875లో న్యూయార్క్‌లో పుట్టి, 1882లో మద్రాసు అడయారుకి చేరిన సంస్థ అది. మన పురాణాలూ, బౌద్ధం, పాశ్చాత్య గుప్తవిద్యలూ కలిపి వండింది. పాతది కానంత మాత్రాన పనికిరాదని కాదు, వేదరహస్యం అని బెదిరించే హక్కు మాత్రం ఎవరికీ లేదు. 1909లో ఆ సమాజం పెద్దలే అడయారు సముద్రం ఒడ్డున ఒక తెలుగు కుర్రాణ్ణి చూసి, ఇతనే రాబోయే జగద్గురువు అని పెంచారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. ఆయన కోసం కట్టిన సంఘాన్ని 1929 ఆగస్టులో హాలండులో వేలమంది ముందు ఆయనే రద్దు చేశాడు. సత్యానికి దారి వేసే సంస్థ ఉండదన్నాడు. మూడో స్థాయి, నాలుగో స్థాయి అని మెట్లు చూపించినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

పొద్దున క్లాసుకి వెళ్తూ, శిబిరానికి రానని చెప్పడం ఒకటి. పైకి ఇది సులువుగా కనిపిస్తుంది. కానీ ఆ హాల్లో మీ స్థానం మారొచ్చు. మొన్నటిదాకా "మూడో కన్ను" అన్నవాళ్ళే "అహం అడ్డొస్తోంది" అంటారు. పక్కింటావిడ ముభావంగా ఉండొచ్చు. అవన్నీ పట్టించుకోకుండా అరగంట కూర్చుని రాగలిగితే వెళ్ళండి. అలా అనకుండా "మీ ఇష్టమమ్మా, పొద్దున మాత్రం మానకండి" అంటే ఆ క్లాసు మీద నాకూ గౌరవం పెరుగుతుంది.

కొన్నాళ్ళు అటు వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చోవడం ఇంకొకటి. అదే వేళకి, చాప మీదో కుర్చీలోనో, శ్వాస మామూలుగా వస్తూ పోతుంటే గమనించడం. గబగబా పీల్చే సాధన వద్దు. దీనికి ఖర్చు లేదు, షరతులు లేవు. చిక్కేమిటంటే నలుగురు ఉన్నప్పటి ఊపు ఉండదు, పదో రోజుకి గ్యాసు మీద పాలు గుర్తొస్తాయి. మీ విషయంలో ఇంకో నష్టం కూడా ఉంది. తల్లి పోయాక మీరు ఇల్లు కదిలింది ఈ క్లాసుకే. అది ఆగిపోతే మళ్ళీ ఇంట్లోనే ముడుచుకుపోతారేమో. ఈ దారి పట్టేట్టయితే సాయంత్రం ఇంకేదైనా పెట్టుకోండి, గుళ్ళో భజనైనా సరే, స్నేహితురాలితో నడకైనా సరే.

వేరే చోటు చూసుకోవడం మూడోది. మన రెండు రాష్ట్రాల్లో డబ్బు తీసుకోకుండా నేర్పేవాళ్ళకి కొదవ లేదు. 1990లో కర్నూలులో మొదలైన పిరమిడ్ ధ్యానంవాళ్ళు చాలా ఊళ్ళలో ఉన్నారు. శ్వాస మీద ధ్యాస, ఎంత వయసైతే అన్ని నిమిషాలు అన్నది వాళ్ళ లెక్క. మాంసాహారం మానమంటారు. ఆస్ట్రల్ లోకాలు, పూర్వజన్మల మాటలు అక్కడా వినిపిస్తాయి, ఆ సంగతి తెలిసి వెళ్ళండి. రామచంద్ర మిషన్‌వాళ్ళు హృదయం మీద ధ్యానం చేయిస్తారు, హైదరాబాదు దగ్గర కాన్హా శాంతివనం వాళ్ళదే. విపశ్యనకి మీకు దగ్గర్లో ఏలూరు పక్కన విజయరాయిలో కేంద్రం ఉంది. పది రోజుల శిబిరం, తిండికీ బసకీ పైసా అడగరు, పూర్తి చేసినవాళ్ళు తోచింది ఇస్తే తీసుకుంటారు. కానీ తెల్లవారుజామున నాలుగుకి గంట కొడతారు, ఫోను అప్పగించాలి, తొమ్మిది రోజులు తోటివాళ్ళెవరితోనూ మాట్లాడకూడదు. ఈ విపశ్యన నేర్పిన గోయెంకా గారి పద్ధతి మీద నాకు గౌరవముంది. అయినా మీరు ఉన్న స్థితిలో ఇప్పుడే వెళ్ళమనను. అన్ని రోజుల మౌనంలో ఆ ఏడో పేజీ తప్ప ఇంకేమీ ఉండదు. ఒక ఏడాది పోనివ్వండి. దరఖాస్తులో ఆరోగ్యం గురించీ మానసిక స్థితి గురించీ అడుగుతారు, అప్పుడు దాచకుండా రాయండి.

ఇవేవీ కాదు, శిబిరానికే వెళ్తాను అంటే అది మీరు కుట్టుకుని సంపాదించిన డబ్బు, మీ నిర్ణయం. వెళ్ళే ముందు కొన్ని అడగండి. డబ్బుకి రసీదు ఇస్తారా? రెండో రోజు ఇంటికి వెళ్తానంటే పంపిస్తారా, ఎంత తిరిగి ఇస్తారు? ఫోను మీ దగ్గరే ఉంటుందా? ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్ళేదెవరు? ఈ స్థాయి తర్వాత ఇంకెన్ని ఉన్నాయి, వాటికెంత? రోగాలు నయమవుతాయని చెబితే ఇంకా జాగ్రత్త. మధుమేహం, క్యాన్సర్ లాంటివి మంత్రాలతోనో మహిమలతోనో తగ్గిస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. జవాబుల కన్నా, అడిగినప్పుడు వాళ్ళ మొహం ఎలా మారిందో చూడండి. చీటీ డబ్బు మాత్రం శిబిరం తేదీ దాకా మీ దగ్గరే ఉంచుకోండి. ముందే కట్టేస్తే, కట్టాం కదా అని వెళ్తారు.

మీ ఆయన సంగతి చివరికి వదిలేశాను, నిజానికి అదే పెద్దది. తాళం దాచడం తప్పు, నలభై ఎనిమిదేళ్ళ మనిషిని అలా కట్టడి చెయ్యకూడదు. కానీ ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. భార్య చీకటితోనే లేచి వెళ్తుంది, ఏమిటంటే చెప్పదు. ఉన్నట్టుండి పక్క వేరు చేసింది, ఎందుకో చెప్పదు. మొహం వాచింది, మబ్బుగా ఉంటోంది, మాట్లాడదు. ఆయనకి తోచిన మాట పిచ్చి. ధ్యానం ఆయనకి శత్రువు కాదేమో, ఆయన్ని భయపెడుతున్నది మీరు దాస్తున్న విషయం. భార్యాభర్తల మధ్య దూరం పెట్టే మాట ఆ ఇద్దరిలో ఒకరికే చెప్పి, రెండోవాళ్ళకి చెప్పొద్దనే హక్కు ఏ గురువుకీ లేదు. అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళు కూడా 41 రోజులు నియమం పాటిస్తారు, ఇంటిల్లిపాదికీ తెలిసే పాటిస్తారు.

అన్నీ ఒకేసారి చెప్పక్కర్లేదు. మాత్ర మానేసిన విషయం ముందు చెప్పి, డాక్టరు దగ్గరికి తోడు రమ్మనండి. అరుస్తారేమో, అరవనివ్వండి. ఆ దారిలో అమృతాంజనం వాసన గురించి కూడా చెప్పండి. మీ అమ్మని ఆ రెండేళ్ళూ మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టింది మీరూ ఆయనా కలిసే అని రాశారు కదా. ఆ వాసన ఆయనకీ తెలుసు. వీలైతే ఒక పొద్దున క్లాసుకి ఆయన్నీ రమ్మనండి. ఇంట్లోవాళ్ళు వచ్చి చూడటం ఆ క్లాసుకి అభ్యంతరమైతే అది కూడా మీకు తెలియాల్సిన విషయమే.

ఆపితే శక్తి తిరగబడుతుందా అన్నారు. తిరగబడదు. లక్షలమంది ధ్యానం మొదలుపెట్టి మానేశారు, మళ్ళీ మొదలుపెట్టారు, ఏ ఇంటికీ దానివల్ల కీడు జరగలేదు. కానీ కీడు జరుగుతుందని ఒకసారి వింటే ఆ మాట పనిచేస్తుంది. ఆపిన వారంలో పాలు విరిగినా, మీ అబ్బాయి ఫోను ఎత్తకపోయినా దానికే ముడిపెడతారు. అది ముందే తెలిసి ఉంటే కొంత తేలిక. ఒకవేళ రాత్రుళ్ళు భయం, వరసగా రెండు మూడు రోజులు నిద్ర లేకపోవడం, మీకు మాత్రమే వినిపించే గొంతు ఏదైనా చెయ్యమని చెప్పడం వంటివి ఉంటే ఇక ధ్యానం, గురువు, నేను అందరం పక్కకి తప్పుకోవాలి. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళండి. వెంటనే కుదరకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ నంబరు అది. ఏ వేళప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

మేడమ్‌తో ఎలా చెప్పాలో తెలియడం లేదని చివర్లో రాశారు. వాదన పెట్టుకోకండి. "మేడమ్, డాక్టరు మాత్ర మానొద్దన్నారు, ఈ విషయాలన్నీ మా ఆయనకి చెప్పాను, శిబిరానికి ఇప్పుడు రాలేను, పొద్దున మాత్రం వస్తాను" అని చెప్పండి. తర్వాత ఏం జరిగిందో నాకు రాయండి. టీఎస్‌హెచ్ రిపోర్టు వచ్చాక రాస్తే ఇంకా మంచిది.